ఉంగరం వద్దు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. పాప 1,700 గ్రాములకు వచ్చిందట, డిశ్చార్జి చేశారట. దేవుడి ముందు దీపం పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. 1,400 గ్రాముల పిల్లను 23 రోజులు కాపాడుకోవడం మాటలు కాదు. గట్టిదానివే.

ఆ వెంటనే ఇంకో మాట చెప్పాడు. పాపను చూసుకున్న సిస్టరమ్మకు రెండు గ్రాముల ఉంగరం చేయిస్తానంటున్నావట. మేలు చేసినవాళ్ళను మరవని బుద్ధి మీ నాయనమ్మది, అది నీకు వచ్చినందుకు నాకు ఎంత సంతోషమో. కానీ ఆ ఉంగరం మాట విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా" అని నీకు తోచిందే చేస్తావు. అందుకే రాస్తున్నాను.

బంగారం వద్దు. డబ్బులు కవర్లో పెట్టి ఇవ్వడం అసలే వద్దు. ఆమెది సర్కారు నౌకరి. లంచం తీసుకున్నవాళ్ళతో పాటు ఇచ్చినవాళ్ళదీ నేరమేనని 2018లో చట్టం కూడా మార్చారు. నీది లంచం కాదని నాకు తెలుసు. ఎవరైనా గిట్టనివాళ్ళు 1064కు ఫోన్ కొడితే, లంచాలు పట్టే ఏసీబీ వాళ్ళకు ఆ సంగతి ఎవరు చెబుతారు? నువ్వు పాపను ఎత్తుకుని సాక్ష్యానికి పోతావా?

చట్టం సంగతి అటుంచు. నా భయం వేరే.

1998 వానాకాలంలో మీ మామను పల్లి చేనులో రక్తపింజర కరిచింది. నువ్వు అప్పటికి ఇంకా పుట్టలేదు. జీపులో పడేసుకుని దవాఖానకు పోయేసరికి కాలు మోకాలి దాకా వాచింది, చిగుళ్ళ నుంచి రక్తం. ఏ దవాఖానో రాయను, అనవసరం. రాత్రి డ్యూటీలో ఒక నర్సమ్మ ఉండేది. గాజు గొట్టంలో ఆయన రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, గడ్డ కట్టిందా అని తర్వాత వంచి చూసేది. నీళ్ళలాగా జారేది. మళ్ళీ మందు ఎక్కించేవాళ్ళు, ఆరు గంటలు గడిచాక మళ్ళీ గొట్టం. ఆ 20 నిమిషాలు నేను ఆమె మొహమే చూస్తూ కూర్చునేదాన్ని. మూడోసారి తెల్లవారుజామున గొట్టం వంచితే రక్తం కదల్లేదు. "గడ్డ కట్టిందమ్మా, టెన్షన్ పడకు" అంది. ఆ ఒక్క మాటకు ఏమిచ్చి రుణం తీర్చుకోవాలి?

మరిదిని పంపి గద్వాల చీర తెప్పించాను. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, మెరూన్ రంగు. ఇంకా డిశ్చార్జి కూడా కాలేదు. అయినా ఆగబుద్ధి కాక, వార్డు నడుమ, అందరూ చూస్తుండగా బొట్టు పెట్టి చేతిలో పెట్టాను. ఆమె వద్దంది. నేను వింటేనా? చంకలో దోపి దండం పెట్టాను. నాకేదో పెద్ద పని చేసినట్టనిపించింది.

ఎదురు మంచం మీద జ్వరంతో ఒక పిల్లాడు, పక్కన వాళ్ళ అవ్వ. సాయంత్రం అవ్వ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "బిడ్డా, చీర ఎంత పడ్డది? నా మనవడిని గట్ల చూడాలంటే నేనేం ఇయ్యాలె?" కొంగు ముడిలో వెండి కడియాలు. అప్పుడే కాళ్ళ నుంచి తీసినట్టుంది, మడమల పైన చర్మం తెల్లగా ఉంది. నాకు నోట మాట రాలేదు. నేను తేరుకునేలోపే నర్సమ్మ సూదిమందు ఇవ్వడానికి వచ్చింది, అవ్వ ఆ కడియాలు ఆమె చేతిలో కుక్కింది. నర్సమ్మ అవ్వను చూడలేదు, నన్ను చూసింది.

కడియాలు అవ్వకే తొడిగించింది. మర్నాడు చీర తెచ్చి మా మంచం మీద పెట్టింది. "మీ ఇంటాయనకు చేసిందే ఆ పిల్లాడికీ చేస్తున్నా. ఇప్పుడు ఆ ముసలమ్మ నమ్ముతదా?" అని మాత్రం అని పోయింది. మేము వచ్చేదాకా నాతో మళ్ళీ మాట్లాడలేదు. చీర ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

మీ పాప పక్కన ఉయ్యాలల్లో ఎంతమంది పిల్లలున్నారో నువ్వే చెప్పావు కదా. ఆ తల్లుల చేతులకు ఏమేం బంగారం ఉందో నాకు తెలియదు.

ఉత్తి చేతులతో పొమ్మనడం లేదులే, అలగకు. ముందు ఒక ఉత్తరం రాయి. సూపరింటెండెంట్ పేరు మీద. "బాగా చూశారు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ తారీఖున, ఏ షిఫ్టులో, ఏం చేసిందో రాయి. రాత్రి రెండింటికి నిద్ర లేపి ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం నేర్పిందన్నావు, పాపను గుండెకు ఆనించి కట్టుకోమని నీ భయం పోగొట్టిందన్నావు, అవన్నీ. రెండు కాపీలు తీయి, ఒకదాని మీద ఆఫీసులో ముద్ర కొట్టించి ఆమెకు ఇవ్వు. సర్కారు నౌకరిలో ఫిర్యాదుకు కాగితం పుడుతుంది, మంచికి పుట్టదు. మీ మామ ముప్పై ఏళ్ళు చేశాడు, ఒక్కటి రాలేదు.

తర్వాత బత్తాయిలు. నల్లగొండలో ఉండి బత్తాయి కొనడం నాతో చెప్పించుకుంటావా? చేతికి బరువు తగిలేవి చూడు. ముందుగా ఇన్‌చార్జి సిస్టర్‌ను అడుగు. ఆమె సరేనంటే మూడు షిఫ్టులకూ సరిపోయేటట్టు డ్యూటీ రూములో పెట్టిరా. ఆయమ్మలకూ, గేటు దగ్గరి మనిషికీ అందాలి. ఆమె వద్దంటే బతిమాలకు, తిరిగి తెచ్చుకో. పిల్లల గదిలోకి పూలు, మిఠాయిలు తీసుకుపోకు.

ఉంగరం డబ్బులు పాప పేరు మీద పోస్టాఫీసులో వేయి.

ఇంకోటి. పాపకు 30 రోజులు నిండేలోపు కంటి పరీక్ష చేయించాలని డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది, తీసి చూడు. తక్కువ బరువుతో ముందే పుట్టిన పిల్లలకు కంటి లోపలి రక్తనాళాలు సరిగ్గా ఎదగకపోవచ్చు, పైకి ఏమీ కనబడదు. వేడుకల హడావుడిలో ఈ తారీఖు దాటించావంటే నేను ఊరుకోను. ఎల్లుండి పొద్దున బస్సుకు బయల్దేరుతున్నాను. ఆ కాగితం దొరికేటట్టు పెట్టు, ఇద్దరం కలిసే పోదాం.

మీ అత్త