రెండు రూటర్ల మధ్య దారి

ప్రశ్న: కింద దుకాణానికీ మేడ మీద ఇంటికీ వేర్వేరు రూటర్లున్నాయి, పై రూటర్‌కు ఇంటర్నెట్ కింది దాని నుంచే వస్తోంది. దుకాణం కంప్యూటర్ నుంచి బిల్లు పంపితే మేడ మీది ప్రింటర్‌కు చేరడం లేదు. ఎందుకు?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లోపం ప్రింటర్‌ది కాదు. కింది పరికరాల నెట్‌వర్క్ చిరునామాలు 192.168.1తోనూ, పైవి 192.168.2తోనూ మొదలవుతుంటే, ఆ రెండో వరుసకు దారి తెలియని కింది రూటర్ మీ బిల్లును ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది. దాని సెట్టింగులలో ‘స్టాటిక్ రూట్’ (మనమే రాసిపెట్టే దారి) అనే చోట గమ్యంగా 192.168.2.0, మాస్క్‌గా (చిరునామాలో ఎంత భాగం వరుసను సూచిస్తుందో చెప్పేది) 255.255.255.0, గేట్‌వేగా (ఆ వరుసకు ద్వారంగా) పై రూటర్‌కు మీరు స్థిరంగా కేటాయించిన చిరునామా (192.168.1.2 అనుకుందాం) నమోదు చేసి, పై రూటర్‌లో నాట్‌ను (లోపలి చిరునామాల బదులు రూటర్ తన చిరునామా పెట్టి బయటికి పంపే పనిని) ఆపి, దాని ఫైర్‌వాల్‌లో (బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే కాపలాలో) కింది వరుసకు అనుమతి ఇవ్వండి. ఆ తరువాత ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతే, చవక రూటర్లలో ఇది మామూలే, కింది రూటర్ పై వరుసకు నాట్ చేయడం లేదని గ్రహించి, పై దానిని యాక్సెస్ పాయింట్‌గా (సొంత వరుస లేకుండా కింది రూటర్ నెట్‌వర్క్‌నే పంచే పరికరంగా) మార్చుకోవడమే మేలు.