బైబిల్లో నీరూ శుద్ధికే, అగ్నీ శుద్ధికే అయితే రెండిటికీ తేడా ఏమిటి?

నీరు పైన అంటిన మలినాన్ని కడుగుతుంది. అగ్ని లోపల కలిసిపోయిన మలినాన్ని విడదీస్తుంది. బట్ట మురికి నీళ్లతో పోతుంది గానీ వెండిలో కలిసిన మష్టు (మలినం) వెండిని కరిగిస్తే తప్ప పోదు. మలాకీ 3:2 రాబోయే ప్రభువును కంసాలి అగ్నితోనూ చాకలి సబ్బుతోనూ ఒకే వాక్యంలో పోల్చింది అందుకే.

దీనికి స్పష్టమైన ఉదాహరణ సంఖ్యాకాండము 31:22-23. యుద్ధంలో దొరికిన బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, తగరం, సీసం నిప్పులోంచి దాటించాలి, ఆపైన శుద్ధి జలంతోనూ పవిత్రం చేయాలి. నిప్పుకు తాళలేనివాటికి నీళ్లే చాలు.

చాలామంది నీరంటే రక్షణ, అగ్ని అంటే నరకం అనుకుంటారు. అది పొరపాటు. నోవహు కాలంలో తీర్పు నీళ్లతోనే వచ్చింది. పెంతెకొస్తు పండుగ రోజున శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చినప్పుడు కనబడినవి అగ్నిజ్వాలల వంటి నాలుకలు (అపొస్తలుల కార్యములు 2:3). ఏ అర్థమో సందర్భమే చెబుతుంది. మత్తయి 3:11లోని 'అగ్ని బాప్తిస్మం' శుద్ధా, తీర్పా అనే దాని మీద వ్యాఖ్యాతలు నేటికీ ఏకీభవించరు. 12వ వచనంలో పొట్టును కాల్చే మంట ఉంది కాబట్టి అక్కడ తీర్పు అర్థాన్ని పక్కన పెట్టడం కుదరదు.