బ్రిటన్‌లో మామూలు కారు లైసెన్సుతో మినీ ఎక్స్‌కవేటర్‌ను (మట్టి తవ్వే చిన్న యంత్రాన్ని) ట్రైలర్ మీద తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 2021 డిసెంబర్ 16 నుంచి కేటగిరీ బి (మామూలు కారు) లైసెన్సు ఉన్నవాళ్లు వేరే టెస్టు లేకుండానే 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగొచ్చు.

కానీ అది మీ లైసెన్సు పరిమితి మాత్రమే, బండి పరిమితి వేరు. బండి వీఐఎన్ ప్లేటు (బండి గుర్తింపు నంబరు, బరువు పరిమితులు రాసి ఉండే పలక) మీద సాధారణంగా రెండో అంకె బండీ ట్రైలరూ కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు. అది 6,000 కిలోలై, సామానుతో సహా పికప్ 3,200 తూగితే, ట్రైలర్‌కు మిగిలేది 2,800. యంత్రం 1,700, ఖాళీ ట్రైలర్ 700 అనుకుంటే సరిపోతుంది. యంత్రానికి తగిలించే అదనపు తవ్వుడు బకెట్లు, డీజిల్ డబ్బాలు లెక్కలో కలపడం చాలామంది మరిచిపోతారు, దయచేసి కలపండి.

లోడుతో కలిపి 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు పనిచేసే బ్రేకులు తప్పనిసరి. అంటే ఎక్స్‌కవేటర్ విషయంలో బ్రేకులు ఉండి తీరాలి. సాధారణంగా ఇవి ఓవర్‌రన్ బ్రేకులు: బండి నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు నెట్టుకొచ్చి కప్లింగ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే భాగం) లోపలికి నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడే బ్రేకు వేస్తుంది.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది బ్రేక్‌అవే కేబుల్ గురించి. ట్రైలర్ ఊడిపోతే దాని హ్యాండ్‌బ్రేకును లాగి, ఆ తర్వాతే తెగే సన్నని తీగ అది. టోబార్ (బండి వెనక ట్రైలర్‌ను తగిలించే కడ్డీ) మీద దానికోసమున్న రంధ్రానికో రింగుకో తగిలించండి. మలుపుల్లో బిగుసుకోకూడదు, నేలకు రాసుకోకూడదు.

వ్యాపారం కోసమైతే, బండీ ట్రైలరూ కలిపి 3.5 టన్నులు దాటినప్పుడు టాకోగ్రాఫ్ (డ్రైవింగ్ సమయాన్ని నమోదు చేసే పరికరం) నిబంధనలు కూడా వర్తించవచ్చు.