అమ్మాయి గీసే పొలాలూ పిట్టలూ కూడు పెడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. వందేళ్ల కిందటి ఇంగ్లండ్ వాల్‌పేపర్లంటే పిచ్చి. వాటి మీది చెట్లు, పిట్టలు, పొలాలు చూసి నోటు పుస్తకాల నిండా గీస్తోంది. డిజైన్ చదువుతానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఏడాది ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా మేలా, నాలుగేళ్ల టెక్స్‌టైల్ డిజైన్ మేలా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. ఒకరి అబ్బాయి యానిమేషన్ అంటాడు, ఇంకొకరి అమ్మాయి నగల డిజైన్ అంటుంది. కోర్సు ఏదైనా తల్లిదండ్రుల భయం ఒక్కటే: బొమ్మలు గీస్తే బతుకు గడుస్తుందా? ముందు దానికే జవాబు చెబుతాను.

ఆ వాల్‌పేపర్లు గీసినవాళ్లలో చార్లెస్ వోయ్‌జీ ముఖ్యుడు. ఆయన ఆర్కిటెక్ట్. సొంతంగా పని మొదలుపెట్టిన కొత్తలో కట్టడాల పని అంతగా దొరకలేదు. 1883లో తొలి వాల్‌పేపర్ డిజైన్లు అమ్మాడు. తర్వాత ఆర్కిటెక్ట్‌గా గొప్ప పేరొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పని కరువైతే మళ్లీ ఈ చెట్లూ పిట్టలే ఆదుకున్నాయి.

అది సరదాగా గీసే పని కాదు. ఇంగ్లండ్‌లో వాల్‌పేపర్ వెడల్పు 21 అంగుళాలు. కుడి అంచున తెగిన పిట్ట తోక పక్క కాగితం ఎడమ అంచున సరిగ్గా అతకాలి. మిషన్ మీద రంగుకో రోలర్ కావాలి, రంగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. సీలింగ్ కింద అతికించే పట్టీల్లో కొండలూ చెట్లూ గది చుట్టూ తిరిగి వచ్చినా ఎక్కడ మొదలైందో తెలియకూడదు. పిల్లల గదుల పట్టీలకు సెసిల్ ఆల్డిన్, జాన్ హాసల్ లాంటి పేరున్న చిత్రకారులే గీశారు. కొన్నవాళ్లలో పట్నాల్లో, వాటి శివార్లలో ఉండేవాళ్లే ఎక్కువ. దూరమైన పల్లెను గోడ మీదికి తెచ్చిన వ్యాపారం అది. చిన్నాచితకా వ్యాపారమూ కాదు: 1899లో దాదాపు 30 కంపెనీలు కలిసి ఒకే పెద్ద సంస్థగా ఏర్పడ్డాయి.

ఇక ఆ ఏడాది డిప్లొమా. దాని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని బోర్డు పెట్టిన చోట చేరి, ఏడాది తర్వాత నా దగ్గరికి తిరిగొచ్చిన పిల్లల్ని చూశాను. సాఫ్ట్‌వేర్‌లో సోఫా ఇటు నుంచి అటు జరపడం వచ్చు. కాగితం, పెన్సిల్ ఇచ్చి అతుకు తెలియకుండా ఒక పువ్వు డిజైన్ గీయమంటే చెయ్యి ఆడదు. చాలామంది చివరికి మాడ్యులర్ కిచెన్ షాపుల్లో కొటేషన్లు రాస్తున్నారు. ఆ పని తక్కువని కాదు, దానికి అంత ఫీజు ఎందుకన్నదే నా బాధ. ఇంటీరియర్ డిజైన్ మంచి రంగమే, నేర్చుకోవాలంటే అదీ నాలుగేళ్లే చదవాలి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పిల్ల ఇష్టాన్ని ‘పిచ్చి’ అని రాశారు. ఇదే పిల్ల నోటు పుస్తకాల నిండా లెక్కలు చేస్తే ఆ మాట అనేవారా? ఎవరూ చెప్పకుండానే రోజూ కూర్చుని గీస్తోంది. ఆ ఓపిక ఏ కోచింగ్‌లోనూ దొరకదు. దయచేసి ఆమె ముందు ఆ మాట మళ్లీ అనకండి.

నా సలహా టెక్స్‌టైల్ డిజైనే. కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్, డిజైన్ విద్యాసంస్థ నిఫ్ట్ హైదరాబాద్‌లో ఉంది. ప్రవేశ పరీక్ష సంగతులు ఆమెకు ఈపాటికే తెలిసి ఉంటాయి. చీర, దుప్పటి, కర్టెన్, వాల్‌పేపర్ అన్నింటికీ ఈ అతుకుల లెక్కే పునాది. ఎంపీసీ వృథా పోదు. మీరు భయపడేంత చీకటి ఈ దారిలో లేదమ్మా.

ఫారం నింపేలోపు ఆదివారం కాకుండా ఒక పనిరోజున ఇద్దరూ పెడన వెళ్లి రండి. కలంకారీ అద్దకంలో చెక్క అచ్చును పాత ముద్ర పక్కన ఎలా ఆనిస్తారో దగ్గర నిలబడి చూడండి. రెండు ముద్రలు ఎక్కడ కలిశాయో మీకు కనిపించకపోతే మీ అమ్మాయిని అడగండి, చూపిస్తుంది.