రిటైరయ్యాక చూద్దాంలే అనుకుంటున్నారా?

ప్రశ్న: నాకు 59 ఏళ్లు. తెలంగాణ ప్రభుత్వోద్యోగిని, ఇంకో రెండేళ్లు సర్వీసుంది. ఎప్పుడు నడక మొదలుపెట్టినా రెండు వారాలకే ఆగిపోతోంది. మొదటి రోజే గంట నడుస్తాను, ఆపై మోకాళ్లు పట్టేస్తాయి. రిటైరయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చులే అనిపిస్తోంది. షుగరుకు గ్లిమిపిరైడ్ వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తీరిక దొరికినంత మాత్రాన వ్యాయామం అలవాటు కాదండీ. ఇప్పుడు ఫలానా టైముకి ఆఫీసుకు బయల్దేరాలన్న కట్టడి ఉంది. రేపు అదీ ఉండదు. ‘పేపర్ చదివాక’, ‘టిఫినయ్యాక’ అంటూ ఉండగానే ఎండెక్కుతుంది. అందుకే ఉద్యోగంలో ఉండగానే నడకను రోజూ తప్పకుండా చేసే ఓ పనికి ముడిపెట్టండి. కాఫీ గ్లాసు కింద పెట్టగానే బూట్లు వేసుకోవాలి. ఓపిక ఉందా లేదా అని ఆలోచించొద్దు.

ఇక మోకాళ్ల సంగతి. ఆయాసం రెండు మూడు వారాల్లో తగ్గుతుంది కానీ కీళ్ల చుట్టూ ఉండే కండరాలు, వాటిని ఎముకలకు కలిపే టెండన్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. మొదటి రోజే గంట నడిస్తే దెబ్బతినేది అక్కడే. 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 3 నిమిషాలు పెంచండి. ఎనిమిదో వారానికి అరగంట దాటుతుంది. వారంలో ఐదు రోజులు అలా నడిస్తే 150 నిమిషాలు, కనీసం కావాల్సింది అంతే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

నడకొక్కటే చాలదు, తొడల్లో బలం కావాలి. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీమీద కట్టుకుని, లేచి కూర్చోండి. 8 సార్ల చొప్పున రెండు విడతలు, రోజు విడిచి రోజు. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. చాలామంది దబ్బున కూలబడతారు, నొప్పి వచ్చేది అందుకే. కష్టమైతే దుప్పటి మడిచి వేసి సీటు ఎత్తు పెంచుకోండి. నెలకోసారి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూసి క్యాలెండర్‌లో రాసుకోండి. 60–64 ఏళ్ల మగవాళ్లకు 14 కంటే తక్కువైతే కాళ్లలో బలం తగ్గినట్టే. బరువు తూచుకుంటూ కూర్చుంటే నిరుత్సాహమే మిగులుతుంది, ఈ అంకె మాత్రం త్వరగా పెరుగుతుంది.

గ్లిమిపిరైడ్ వేసుకుని ఏమీ తినకుండా నడవొద్దు, షుగర్ పడిపోవచ్చు. ఉదయం నడకకు, మాత్రకు వేళలు ఎలా సర్దుకోవాలో మీ డాక్టర్‌ని అడగండి. జేబులో మూడు చెంచాల గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. వణుకు, చెమట మొదలైతే అది నోట్లో వేసుకుని 15 నిమిషాలు కూర్చోవాలి. ఛాతీ బిగపట్టినట్టుంటే మాత్రం ఆగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: పెళ్లిళ్లు, ప్రయాణాలతో వారం గ్యాప్ వస్తే ఎలా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పోయిన రోజులకు కలిపి ఎక్కువ చేయొద్దు. సగం సమయంతో మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పాత లెక్కకు రండి. ఏ ఊళ్లో ఉన్నా కుర్చీ దొరక్కపోదు కదా!