జెన్నీ ట్రైబెల్‌ది నాటకమా?

ప్రశ్న: నమస్తే అండీ. థియోడర్ ఫొంటానే రాసిన జర్మన్ నవల 'ఫ్రౌ జెన్నీ ట్రైబెల్' ఇంగ్లీషులో చదివాను. ఎప్పుడూ కవిత్వం, మనసు అంటూ ఉండే జెన్నీ కొడుకు పెళ్ళి దగ్గరికొచ్చేసరికి డబ్బే చూస్తుంది. ఇంత నాటకమాడే మనిషిని రచయిత గట్టిగా తిట్టలేదేం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆవిడ నాటకమాడట్లేదండీ, నాకు ఈ నవల్లో భయమేసేది అదే. బెర్లిన్‌లో ఓ కిరాణా కొట్టాయన కూతురు, వయసులో ఉన్నప్పుడు విలిబాల్డ్ ష్మిట్ అనే కుర్రాడు తనకోసం పాట రాశాడు, బంగారం నాకెందుకు గులాబీలే ఇష్టం అని ఉంటుంది అందులో, పెళ్ళి మాత్రం నీలిరంగు తయారుచేసే ఫ్యాక్టరీ ఉన్న ట్రైబెల్‌ని చేసుకుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా తనింట్లో విందుకొచ్చిన వాళ్ళ ముందు అదే పాట పాడుతుంది, ప్రతి మాటా నమ్మే పాడుతుంది. తెలిసి అబద్ధమాడే మనిషినైతే నిలదీయొచ్చు, తనని తనే నమ్మించుకున్న మనిషిని ఏమని అడుగుతాం చెప్పండి.

ఇప్పుడు ఆ ష్మిట్ ప్రొఫెసర్ కూతురు కోరిన్నా, జెన్నీ చిన్నకొడుకు లియోపోల్డ్‌ని చేసుకోవాలనుకుంటుంది, హాలెన్‌జేకి షికారు వెళ్ళినప్పుడు ఇద్దరూ మాట ఇచ్చేసుకుంటారు. ప్రేమ కాదు, సుఖంగా బతకాలని ఆశ, ఆ సంగతి తను దాచుకోదు కూడా, అందుకే నాకు ఆ పిల్లంటే గౌరవం. అసలు జెన్నీ ఒకప్పుడు చేసిందీ అదే కదా! కానీ విషయం తెలిసీ తెలియగానే జెన్నీ ఏం చేసిందో చూడండి, పెద్దకోడలు హెలెన్ చెల్లెలు హిల్డెగార్డ్‌ని లియోపోల్డ్‌కి చేద్దామని హాంబర్గ్ నుంచి రమ్మని ఉత్తరం రాసేసింది, అప్పటిదాకా ఆ ఇంటి నుంచి ఇంకో పిల్ల వద్దే వద్దన్న మనిషి.

లియోపోల్డ్ రోజూ చీటీలు పంపుతాడు గానీ మనిషి రాడు. చివరికి కోరిన్నా తనే వదిలేసుకుని, చదువుకున్న బావ మార్సెల్‌ని చేసుకుంటుంది.

1892లో ఇది వచ్చేనాటికి ఫొంటానేకి 70 దాటాయి. తిట్టడం ఆయనకి అవసరం లేదనిపిస్తుంది, మనిషిని మాట్లాడనిస్తే చాలు. మీరు ట్రెప్టోలో లియోపోల్డ్ పొద్దున్నే కాఫీ తాగే చోటు మళ్ళీ చదవండి, రెండో కప్పు ఇవ్వొద్దని వాళ్ళమ్మ ముందే చెప్పి ఉంచింది అక్కడ, ఆ కుర్రాడు పెళ్ళి కోసం ఎదురు తిరగలేడని నాకు అక్కడే అర్థమైపోయింది.