పది వేలు ఎక్కువ జీతం అంటే చేతికి ఎంత మిగులుద్ది?

ఈసారి ప్రశ్న కూకట్‌పల్లి నుంచి. వయసు 33, భర్త పోయి రెండేళ్ళు, పాపకి 5 ఏళ్ళు. ఇంటి దగ్గర్లోనే అకౌంట్స్ ఉద్యోగం, జీతం 28 వేలు, ఆరింటికల్లా ఇంట్లో ఉంటారు. ఇప్పుడు గచ్చిబౌలిలో 38 వేలకి ఆఫర్ వచ్చింది కానీ ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర అవుద్దట. వెళ్ళాలా వద్దా అని ఒక ప్రశ్న, భర్త ఇన్సూరెన్స్ డబ్బులు 6 లక్షలు సేవింగ్స్ ఖాతాలోనే పడున్నాయి ఏం చెయ్యాలి అని ఇంకోటి.

చూడండమ్మా, మీరు రాసిన లెక్కలే తీసుకుంటా. డేకేర్ వాళ్ళు రాత్రి దాకా ఉంచుకుంటే 3,500 ఎక్కువ అడుగుతున్నారు, రాకపోకలకి 2,500, వంటకి ఓపిక లేక కర్రీ పాయింట్‌కి 1,500 వేసుకోండి. 7,500 పోయింది, మిగిలింది 2,500. దానికోసం రోజుకి రెండున్నర గంటలు అదనంగా బయట ఉంటారు, నెలకి 25 రోజులంటే 62 గంటలు పైనే, అంటే గంటకి 40 రూపాయలు!! పాపకి జ్వరం వస్తే పెట్టే సెలవులు ఇందులో కలపలేదు. అలాగని వద్దనట్లేదు, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని ఇస్తారా అడగండి, ఇస్తే వెళ్ళండి. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ఆఫీసులో క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలని చట్టమే ఉంది, అది కూడా మొహమాటం లేకుండా అడగండి. లేదంటే ఉన్నచోటే ఉండి జీఎస్టీ రిటర్నులు వెయ్యడం బాగా నేర్చుకోండి, చుట్టుపక్కల షాపుల పని ఇంట్లోనే చేసుకోవచ్చు.

6 లక్షల్లో ఆరు నెలల ఖర్చు, మీ లెక్కన లక్షా ముప్పై వేలు, ఎప్పుడైనా తీసుకునే ఎఫ్‌డీలో పెట్టండి. పాప పేరున సుకన్య సమృద్ధి (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతా తెరిచి ఏటా 50 వేలు చొప్పున కట్టండి, మొత్తం ఒకేసారి పొయ్యొద్దు, పాపకి 18 వచ్చేదాకా లేదా టెన్త్ అయ్యేదాకా ఆ డబ్బు చదువుకి కూడా కదలదు. మీ మీద 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బులొచ్చే బీమా) తీసుకోండి, నామినీ పాపే కాబట్టి అపాయింటీగా (పాప మైనరుగా ఉన్నప్పుడు ఆ డబ్బు తన తరఫున తీసుకునే మనిషి) ఎవరి పేరు రాస్తారో ముందే ఆలోచించుకోండి (అప్పు అడుగుతున్నారని మీరు రాసిన మరిది గారి పేరు మాత్రం కాదు).

అసలు విషయం మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, ఆయన ఫార్మా కంపెనీలో చేస్తూ పోయారని. పీఎఫ్ డబ్బు తెచ్చుకున్నామన్నారు గానీ పెన్షన్ మాటే లేదు. ఉద్యోగంలో ఉండగా పోతే, పీఎఫ్‌లో ఒక్క నెల పెన్షన్ వాటా కట్టి ఉన్నా మీకు నెలనెలా పెన్షన్ వస్తుంది, అది తగ్గించకుండా, అందులో 25 శాతం అంత పాపకి 25 ఏళ్ళు వచ్చేదాకా విడిగా ఇస్తారు, దీనికి ఫారం 10డీ. ఈడీఎల్ఐ అని పీఎఫ్‌తో పాటు ఉండే ఇన్సూరెన్స్ ఇంకోటి, 7 లక్షల దాకా రావచ్చు, ఫారం 5ఐఎఫ్. మీకొచ్చిన 6 లక్షలు అదేనా వేరే పాలసీదా అన్నది బ్యాంకు పాస్‌బుక్‌లో చూడండి. ఆయన పాత శాలరీ స్లిప్పు మీద యూఏఎన్ (పీఎఫ్ ఖాతా గుర్తింపు) నంబర్ ఉంటుంది, ముందు అది వెతకండి, ఉద్యోగం సంగతి తర్వాత.